స్క్రిప్టు కంటే ముందు ఒక పూట: నాటక పరిషత్తుల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పరిషత్తు నిర్వాహకులకు, న్యాయనిర్ణేతలకు నమస్కారం.

చందాలు పోగుచేసి, హాలు మాట్లాడి, వచ్చిన నాటక సమాజాలకు బస, భోజనం చూసి మీరు ఏటా నాటికల పోటీలు నిలబెడుతున్నారు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పటి నుంచి తెలుగు నాటకం ఏ దారిన నడవాలో చాలావరకు తేల్చింది పరిషత్తులే. అందుకే ఈ ఉత్తరం మంత్రులకో అకాడమీలకో కాక మీకు రాస్తున్నాం. మేము నాటికలు రాసేవాళ్లం, ఆడించేవాళ్లం, ఆడేవాళ్లం, వాటికి లైట్లు, సెట్టు, సంగీతం సమకూర్చేవాళ్లం.

మా విన్నపం ఒక్కటే. సంభాషణలు రాయకముందు, పాత్రలు పంచకముందు, నాటికకు పనిచేసే వాళ్లందరూ కూర్చుని ఆ మనుషుల గురించి కలిసి ఆలోచించడానికి మీ నియమావళిలో చోటు కల్పించండి. దీన్ని మేధోమథనం అనండి, బ్రెయిన్‌స్టార్మింగ్ అనండి. పేరు ఏదైనా ఇది కబుర్లు చెప్పుకునే పని కాదు. దీనికి కొలతలున్నాయి, క్రమం ఉంది, చెడిపోయే చోట్లూ ఉన్నాయి. అవన్నీ తెలిస్తేనే మీరు మా విన్నపాన్ని తూచగలుగుతారు కనుక వివరంగా రాస్తున్నాం.

ఇప్పుడు నడుస్తున్న తీరు మీకు తెలిసిందే. రచయిత పూర్తి స్క్రిప్టు పంపుతారు. మొదటి రోజు చదవడం, అప్పుడే పాత్రలు పంచేయడం. మర్నాటి నుంచి డైలాగులు కంఠతా పట్టడం, ఆ తర్వాత మూవ్‌మెంట్లు. స్త్రీ పాత్రధారి అదే సీజన్లో నాలుగైదు సమాజాలకు ఆడుతుంటారు కాబట్టి చివరి రెండు మూడు రిహార్సల్స్‌కే రాగలుగుతారు. లైటింగ్ చేసే మనిషి చాలాసార్లు నాటికను మొదటిసారి చూసేది పోటీ రోజునే. ఈ వరుసలో పాత్ర గురించి ఒక ప్రశ్న వేసుకోవడానికి ఎక్కడా సందు లేదు. అందుకని నటుడు తనకు తెలిసిన పాత పాత్రల్లోంచి ఒకదాన్ని తీసుకుని తొడుక్కుంటాడు. అమెరికా కొడుకు, వృద్ధాశ్రమంలో తండ్రి, గయ్యాళి కోడలు, నవ్వించే పనివాడు, పై నుంచి కిందిదాకా దుర్మార్గుడైన భూస్వామి. బహుమతి ప్రదానం రోజున పాత్రల్లో లోతు లేదని న్యాయనిర్ణేతలు అంటున్నారు. నిజమే. కానీ లోతు తవ్వే పనికి తయారీలో ఒక్క పూట కూడా కేటాయించలేదు.

పాత్ర ఒక్క దెబ్బకు పూర్తికాదనడానికి మన ఇంట్లోనే సాక్ష్యం ఉంది. గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్త నాటకంలా మళ్లీ వచ్చింది. మనం ఇవాళ తలుచుకునే మధురవాణి ఆ రెండో కూర్పులో పెరిగిన మనిషి. ప్రదర్శన అయ్యాక, జనం చూశాక, మహాకవి తన పాత్రల్ని మళ్లీ తెరిచాడు. మన నాటికలకు అంత వ్యవధి ఉండదు. ఆ పనిలో కొంత ముందే చేసుకునే వీలు మాత్రం ఉంది. బ్రిటన్‌లో 1974లో మొదలైన జాయింట్ స్టాక్ బృందం ఇదే పద్ధతి మీద నిలబడింది. రచయిత, దర్శకుడు, నటులు కలిసి విషయాన్ని శోధిస్తారు, ఆ తర్వాత రచయిత ఒంటరిగా వెళ్లి రాసుకొస్తారు, అప్పుడు రిహార్సల్స్. మధ్యలోని ఆ ఒంటరి రాత చాలా ముఖ్యం. కమిటీ కూర్చుని సంభాషణలు రాయలేదు, రాయకూడదు. కలిసి ఆలోచించేది ముడిసరుకు కోసం మాత్రమే.

ఇక పద్ధతి. బ్రెయిన్‌స్టార్మింగ్‌కు నియమాలు పెట్టి ప్రచారం చేసినవాడు అలెక్స్ ఆస్బోర్న్ అనే అమెరికన్ వాణిజ్య ప్రకటనల నిపుణుడు. ఆలోచనలు వస్తున్నంతసేపూ విమర్శ వద్దు, వింతగా ఉన్నా చెప్పు, వీలైనన్ని ఎక్కువ చెప్పు, ఇంకొకరు చెప్పినదాని మీద కట్టు. ఈ నాలుగే ఆయన నియమాలు. ఇవి మంచివే. అయితే 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధనలో తేలిందేమిటంటే, గుంపుగా కూర్చుని మాట్లాడినవాళ్ల కంటే అంతేమంది విడివిడిగా ఆలోచించి, తర్వాత అన్నీ ఒకచోట చేర్చినప్పుడే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. 1987లో డీల్, స్ట్రోబే అనే పరిశోధకులు దానికి ప్రధాన కారణం చూపారు. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్లు తమ వంతు కోసం ఆగాలి. ఆగేలోపు తట్టింది జారిపోతుంది.

మన సమాజాల్లో దీనికి ఇంకో కారణం కూడా తోడవుతుంది. గురువుగారు ముందు మాట్లాడతారు. ఆయన ఒక పాత్ర గురించి "వాడు అమాయకుడయ్యా" అన్నాక, కాదని చెప్పడానికి కొత్తగా చేరిన కుర్రాడికి నోరు రాదు. అది భయం కాదు, మర్యాద. ఆ మర్యాదను తీసేయక్కర్లేదు, దాన్ని తప్పించుకునే దారి ఉంటే చాలు. ఆ దారి కాగితం. నోటితో కాక కలంతో మొదలుపెట్టాలి.

జర్మనీలో పుట్టిన 6-3-5 పద్ధతి మన సమాజాలకు చక్కగా అతుకుతుంది. ఆరుగురు, ఒక్కొక్కరు మూడు ఆలోచనలు, ఐదు నిమిషాలు. రాసిన కాగితం కుడివైపు మనిషికి ఇవ్వాలి, ఆ మనిషి పైన ఉన్నవి చదివి కింద మరో మూడు రాయాలి. ఆరు వరసలు అయ్యేసరికి అరగంటలో 108 ఆలోచనలు. కొన్ని ఒకేలా ఉంటాయి, కలిపేసినా సమృద్ధిగానే మిగులుతాయి. పేర్లు రాయకూడదు. ఎవరి చేతిరాతో గుర్తుపట్టి బయటికి చెప్పకూడదు.

ఆ ఆరుగురు ఎవరన్నది కూడా ముఖ్యమే. రచయిత, దర్శకుడు, ఇద్దరు నటులు, లైట్లో సెట్టో చూసే ఒకరు. ఆరో మనిషి నాటక రంగానికి సంబంధం లేనివారై ఉండాలి, పాత్ర చేసే వృత్తిలో ఉన్నవారై ఉండాలి. కౌలు రైతు కథ అయితే కౌలు రైతు. ఆయనకు రాయడం ఇబ్బందైతే పక్కన ఒకరు కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాయాలి, దిద్దకూడదు.

ప్రశ్న ఇరుకుగా ఉండాలి. సగం గోష్ఠులు చెడేది ఇక్కడే. "ఈ పాత్ర ఎలా ఉండాలి?" అని అడిగితే మంచివాడు, పౌరుషం గలవాడు అన్న విశేషణాలు వస్తాయి. విశేషణాన్ని నటించలేం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు కార్డు రావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. ఆ కార్డు 11 నెలలకు. కార్డు లేకపోతే బ్యాంకు పంట రుణానికీ బీమాకూ దారి కష్టం. దీని మీద నాటిక అనుకుందాం. కౌలు రైతు కోటయ్య, ఆయన భార్య మంగమ్మ, పొలం గల రామారావు మాస్టారు. ఇప్పుడు ప్రశ్నలు ఇలా ఉండాలి: సంతకం అడగడానికి వెళ్లిన కోటయ్య ఏ మాటతో మొదలుపెడతాడు? మాస్టారు సంతకం పెట్టకపోవడానికి దురాశ కాకుండా ఇంకేం కారణం ఉండవచ్చు? ఈ విషయం మంగమ్మకు ఎవరి ద్వారా తెలుస్తుంది? ఒక గోష్ఠికి ఇలాంటివి రెండు ప్రశ్నలు చాలు.

మొదటి వరసలో వచ్చేవన్నీ సినిమాల్లో చూసినవే అవుతాయి. పురుగుమందు డబ్బా, చెంపదెబ్బ, వర్షంలో ఏడుపు. జ్ఞాపకంలో పైన ఉన్నది ముందు చేతికొస్తుంది కనుక అది సహజం, దానికి ఎవర్నీ తప్పుపట్టకండి. మూడో వరసలో కలాలు ఆగిపోతాయి. అందరూ ఇబ్బందిగా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పుడు దర్శకుడు మాట్లాడకుండా ఉండాలి, టీ తెప్పించకుండా ఉండాలి. పనికొచ్చేవి ఆ తర్వాతే వస్తాయి. కోటయ్య ఐదో తరగతిలో మాస్టారి శిష్యుడేమో, అందుకే ఆయన ముందు కుర్చీలో కూర్చోలేడేమో. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని మాస్టారికి ఫోన్ చేసి చెప్పాడేమో. మంగమ్మ రోజూ పొద్దున్నే ఆ ఇంట్లోనే పాలు పోస్తుందేమో, ఆయన కాదన్న మర్నాడు కూడా పోయక తప్పదేమో. ఈ మూడూ చేరేసరికి భూస్వామి దుర్మార్గుడు కాకుండా పోయాడు, భయపడుతున్న పెద్దమనిషి అయ్యాడు. మంగమ్మ పాలు పోసే ఆ నిమిషం మాట అక్కర్లేని దృశ్యమైంది.

కాగితాల తర్వాత గోడ. మనిషి నిలువెత్తు ఆకారం పెద్ద చార్టు మీద గీసి గోడకు అంటించాలి. లోపల నల్ల స్కెచ్‌తో పాత్ర తన గురించి తాను అనుకునేవి, బయట నీలి స్కెచ్‌తో ఊరు అతని గురించి అనుకునేవి రాయాలి. లోపలి మాటకూ బయటి మాటకూ పొంతన కుదరని చోట ఎర్రగీత పెట్టాలి. మాస్టారు తనను దాతగా భావిస్తాడు, ఊరు ఆయన్ను పిసినారి అంటుంది. ఆ గీతలే సన్నివేశాలు. గంట నాటికకు ప్రధాన పాత్రలో అలాంటి వైరుధ్యాలు రెండు చాలు. ఐదు పెడితే ఏదీ నిలవదు, చివరి పది నిమిషాల్లో అన్నిటికీ ముడి వేయలేక ఉపన్యాసంలోకి జారాల్సొస్తుంది.

మరో పూట నటుణ్ని పాత్రగానే కుర్చీలో కూర్చోబెట్టి పదిహేను నిమిషాలు ప్రశ్నలు అడగాలి. దీనికి ముందు మార్చకూడని నిజాలు పది, పన్నెండు బోర్డు మీద రాసిపెట్టుకోవాలి: వయసు, ఎన్ని ఎకరాలు, ఎంత అప్పు, ఎవరి దగ్గర, పిల్లలెందరు. లేదంటే నటుడు తోచినట్టు చెప్పేస్తాడు, రేపటికి ఎవరికీ ఏదీ గుర్తుండదు. "నీకెలా అనిపించింది?" అని అడగొద్దు. "ఆ రోజు ఎరువుల కొట్టు దగ్గర ఏం చేశావు?" అని అడగండి. చాలాచోట్ల ఎరువు అప్పుగా ఇచ్చినవాడికే పంట అమ్మాలన్న షరతు ఉంటుంది. ఆ ఒక్క ప్రశ్నతో అది బయటికొస్తుంది, కోటయ్యకు బేరమాడే దారి లేదన్న సంగతి ప్రేక్షకుడికి ఉపన్యాసం లేకుండా అందుతుంది. కుర్చీలో ఉన్న పాత్రకు "చెప్పను" అనే హక్కు ఉండాలి. ఏ ప్రశ్నకు చెప్పనన్నాడో రచయిత తప్పకుండా రాసుకోవాలి.

ఆ తర్వాతే ఆశువుగా ఆడి చూడటం. ఇద్దరు నటులు, ఇద్దరికీ ఎదురెదురు అవసరాలు, ఒకరి రహస్యం ఇంకొకరికి తెలియకుండా చెవిలో చెప్పాలి. ఐదు నిమిషాలు దాటనివ్వొద్దు. ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. ఇక్కడ తరచూ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారని నటులు జోకుల్లోకి దిగుతారు. రెండు, అరుపుల్లోకి దిగుతారు. రెండిటికీ మందు ఒకటే: గొంతు పెంచకూడదని షరతు పెట్టి, ఒకరి చేతికి పని అప్పగించండి, పాలు కొలవడమో వడ్లు చెరగడమో. చేతులు పనిలో ఉంటే మాట దానంతటదే తగ్గుతుంది. రికార్డయిన మాటల్ని ఉన్నదున్నట్టు స్క్రిప్టులోకి ఎక్కించొద్దు. వాటిలోంచి రచయిత తీసుకోవాల్సింది వరస, విరుపు, చెప్పకుండా వదిలిన భాగం.

ఏరే పని అదే రోజు చేయకూడదు. అదే రోజు చేస్తే ఎక్కువ నవ్వు తెప్పించింది గెలుస్తుంది. ఒక రాత్రి గడవనివ్వండి. మర్నాడు ఒక్కొక్కరికి ఐదు చుక్కలు, నచ్చినవాటి పక్కన పెట్టుకోవచ్చు. తుది నిర్ణయం మాత్రం రచయిత, దర్శకులదే. ఇది ఓట్ల లెక్క కాదని ముందే చెప్పాలి. ఏ ఆలోచననైనా మూడు మాటలు అడగండి: మాట లేకుండా వేదిక మీద కనిపిస్తుందా, దీనివల్ల ఎవరి నిర్ణయమైనా మారుతుందా, మన దగ్గరున్న నటులతో సామానుతో చేయగలమా.

ఇదే పద్ధతి ప్రదర్శనకూ పనికొస్తుంది. ఇక్కడ హద్దులు ముందే గోడ మీద రాయాలి: సెట్టంతా ఒక వ్యానులో పట్టాలి, నాటికకూ నాటికకూ మధ్య దొరికే కొద్ది నిమిషాల్లో నిలబెట్టి తీసేయాలి, లైట్లు అక్కడున్నవే. హద్దు రాస్తే ఆలోచన పదునెక్కుతుంది, రాయకపోతే అందరూ తిరిగే రంగస్థలం అడుగుతారు. మాస్టారి వరండా కోసం మూడు ఫ్లాట్లు (గోడల్లా నిలబెట్టే సెట్టు చట్రాలు), కిటికీ, ఫొటోలు అక్కర్లేదు. ఎత్తు పీట మీద ఒక కుర్చీ, ముందు గడియ ఉన్న చిన్న గేటు చాలు. కోటయ్య గేటు బయటే నిలబడతాడు. వరండాలో ట్యూబులైటు వెలుగు, గేటు దగ్గర అందులో సగం. గడియ చప్పుడు నాటికలో మూడుసార్లే వినపడాలి. సౌండ్ చూసే మనిషి ఆ పూట గోష్ఠిలో ఉంటే ఇంకో సంగతి కూడా చెబుతారు: పైనుంచి వేలాడే మైకుల కింద చెక్కపీట మీద అడుగుల చప్పుడు మాటను మింగేస్తుంది, పీట మీద గోనెపట్టా పరవాలి. పోటీ రోజున తెలిస్తే చేయగలిగేదేమీ ఉండదు.

చెడిపోయే చోట్లలో మూడింటిని దాచకుండా చెప్పాలి. రచయితకు తన నాటిక చేజారిపోతోందన్న బాధ కలుగుతుంది. అది న్యాయమైన బాధ. మొదటి రోజే కాగితం మీద రాసుకోండి: రచన ఆయనదే, మిగిలినవారి పేర్లు పాత్రల రూపకల్పనలో సహకారం కింద వస్తాయి. రెండోది, గోష్ఠిలో మనుషులు సొంత ఇంటి సంగతులు బయటపెడతారు. చెప్పినవారి అనుమతి లేకుండా అవి స్క్రిప్టులోకి రాకూడదు, గది దాటకూడదు. మూడోది మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది. ఒకే తరహా మనుషులు కూర్చుంటే కలిసి ఆలోచించడం పాత ముద్రల్ని ఇంకా గట్టిపరుస్తుంది. పనివాడంటే ఉత్తరాంధ్ర యాస, నవ్వించాలంటే తెలంగాణ యాస అన్న అలవాటు మన వేదికల మీద ఎందరినో నొప్పించింది. ఆ ప్రాంతం మనిషి, ఆ కులం మనిషి గదిలో లేకుండా ఆ పాత్ర గురించి ఆలోచించొద్దు. పిలిచాక, వాళ్లు కాదన్నది తీసేయండి.

స్త్రీ పాత్రధారుల మాట వేరుగా చెప్పాలి. వాళ్లు రాలేరు కనుక మంగమ్మ గురించి ఐదుగురు మగవాళ్లు ఆలోచిస్తున్నారు. ఒక గోష్ఠి రోజుకు కూడా పారితోషికం ఇచ్చి పిలవాలి. రాలేని రోజున ప్రశ్నలు ముందురోజే వాట్సాప్‌లో పంపి, ఆమె వాయిస్ మెసేజ్‌గా చెప్పినవాటిని మిగతా కాగితాలతో కలిపి తిప్పాలి. విదేశాల్లోని తెలుగు సంఘాల వాళ్లు జూమ్‌లో రిహార్సల్స్ వేసుకునేటప్పుడు కూడా ముందు రాత, తర్వాత మాట అన్న ఈ వరసే బాగా నడుస్తుంది.

మీ వల్ల అయ్యే పనులు ఇవి. పోటీ ప్రకటన కనీసం ఐదు నెలల ముందు ఇవ్వండి. ఎంట్రీతోపాటు పూర్తి స్క్రిప్టు అడగకండి, ఒక పేజీ కథాసారం, పాత్రల పరిచయం తీసుకుని, స్క్రిప్టుకు మరో రెండు నెలలు గడువివ్వండి. ప్రాథమిక పరిశీలన తర్వాత సంభాషణలు, సన్నివేశాలు మార్చుకోవడానికి అనుమతించండి, మార్పులు ప్రదర్శనకు వారం ముందు తెలియజేయమనండి. ఆహ్వానపత్రంలో పాత్రల రూపకల్పనలో సహకరించినవారికి ఒక వరుస కేటాయించండి. న్యాయనిర్ణేతలు మార్కులతోపాటు ఒక్కో ప్రధాన పాత్ర గురించి రెండు వాక్యాలు రాసి సమాజానికి ఇచ్చే ఏర్పాటు చేయండి. ఆ రెండు వాక్యాల మీదే తర్వాతి గోష్ఠి మొదలవుతుంది.

ఇంకొకటి. పరిషత్తు రోజుల్లో ప్రదర్శనలు సాయంత్రం మొదలవుతాయి, వచ్చిన కళాకారులు పొద్దంతా బసలోనే ఉంటారు. ఒక ఉదయం హాల్లో గంటన్నర కేటాయించి, వేర్వేరు సమాజాల నుంచి ఆరుగురి చొప్పున జట్లు కట్టించండి. ముందు రాత్రి ఆడిన నాటికలోని ఒక చిన్న పాత్రను తీసుకుని కాగితాలు తిప్పమనండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయం, హైదరాబాద్ విశ్వవిద్యాలయం రంగస్థల విభాగాల విద్యార్థులను పిలిస్తే సమయం చూసే పని, నోట్సు రాసే పని వాళ్లు చేయగలరు. అయ్యే ఖర్చు తెల్లకాగితాలు, చార్టులు, స్కెచ్‌పెన్నులు, టీలు.

వచ్చే సీజన్‌కు నియమావళి అచ్చుకు ఇచ్చేముందు మీ కార్యవర్గ సమావేశంలో ఈ అంశాలను చర్చకు పెట్టండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే స్క్రిప్టు గడువు, ఉదయపు గోష్ఠి, ఈ రెండిటితో మొదలుపెట్టండి. ఏ పరిషత్తు పిలిచినా మొదటి గోష్ఠి నడపడానికి మాలో ఇద్దరం సొంత ఖర్చులతో వస్తాం.

ఇట్లు
కొందరు నాటక రచయితలు, దర్శకులు, నటీనటులు, సాంకేతిక నిపుణులు